క్లౌ దొర పార పట్టలేదు

వేసవి సెలవులు దగ్గర పడుతున్నాయంటే ఇక్కడ అమెరికాలో మన చర్చిల్లో బిర్యానీ ప్యాకెట్ల అమ్మకం మొదలవుతుంది. యూత్ పిల్లలు కార్లు కడుగుతారు. చందాలు పోగుచేసే గోఫండ్‌మీ లింకు వాట్సాప్ గ్రూపులన్నీ తిరుగుతుంది. ఇదంతా ప్రయాణం ఖర్చుకు. ఒక ఏడు మధ్య అమెరికాలోని హోండురాస్, ఇంకో ఏడు గ్వాటెమాల లేదా మెక్సికో. మన తెలుగు సంఘాల వాళ్లయితే నేరుగా గుంటూరు వైపో ఖమ్మం వైపో పల్లెలకు వెళ్తారు. ఎక్కడికెళ్లినా పని ఒకటే, పది రోజులుండి చర్చి కట్టి రావడం. నేనూ చర్చిలో పెరిగినవాణ్ణే, చందా అడిగితే లేదనను. కానీ ఇటుకలు పేర్చడానికి పిల్లల్ని విమానమెక్కించడం మానేద్దామని ఈసారి మా కమిటీలో అన్నాను. "అదేంటి బ్రదర్, దేవుని పనికి అడ్డుపడతారా?" అన్నారు. అక్కడ పూర్తిగా చెప్పనివ్వలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ముందు డబ్బు సంగతి. 1998లో మిచ్ తుఫాను హోండురాస్‌ను ఊడ్చిపెట్టాక ఉత్తర అమెరికా చర్చిల జట్లు ఇళ్లు కట్టడానికి వరసగా అక్కడికి వెళ్లాయి. ఆ దేశంలోనే కాపురముండే కర్ట్ వెర్ బీక్ అనే సోషియాలజీ ప్రొఫెసర్, ఆ ఇళ్లలో చేరిన కుటుంబాలనూ, కట్టి వచ్చినవాళ్లనూ తర్వాత విచారించాడు. ఒక ఇల్లు కట్టడానికి అయ్యేది సుమారు 2,000 డాలర్లు. ఒక జట్టు ప్రయాణం, బస, తిండి అన్నీ కలిపి సేకరించింది సుమారు 30,000. ఇల్లు అమెరికన్లు కట్టినా స్థానికులే కట్టినా ఆ కుటుంబాల బతుకులో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. వెళ్లొచ్చినవాళ్లు ఆ తర్వాత చందాలు పెంచామని చెప్పుకున్నారు. ఖాతాలు తిరగేస్తే అంత పెంపు లేదు.

చర్చి అయినా లెక్క ఇదే. పునాది తీసి, గోడలు లేపి, సెంట్రింగ్ కొట్టి స్లాబు పోసే మనుషులు మన ప్రతి మండలంలో ఉన్నారు. పని దొరక్క బెంగళూరుకో హైదరాబాదుకో వలస పోయేది కూడా వాళ్లే. వాళ్ల ఊళ్లో ఇటుక మీద ఇటుక పెట్టడానికి, తాపీ ఏ చేత్తో పట్టుకోవాలో తెలియని పదో క్లాసు పిల్లాడు డాలస్ నుంచి దిగుతాడు. పిల్లలు పడుకున్నాక మేస్త్రీ ఆ వరసలు విప్పి మళ్లీ కట్టుకునే సందర్భాలూ ఉంటాయని వెళ్లొచ్చినవాళ్లే నవ్వుతూ చెబుతారు. నాకైతే నవ్వు రాదు.

ఇంకో సంగతి ఎవరూ లెక్కేయరు. ఇక్కడి పిల్లలకు సెలవులుండే జూలైలోనే అక్కడ వరి నాట్లు. పేటలో ఆడవాళ్లకు ఏడాది మొత్తంలో చేతినిండా కూలి దొరికే రోజులవి. అమెరికా పిల్లలు వస్తున్నారని నాట్లు మానుకుని వంటకు దిగుతారు. కారు మాట్లాడుకుని ఎయిర్‌పోర్టుకు ఎదురొస్తారు. ఫ్యాను ఉన్న గది ఖాళీ చేసి ఇంటిల్లిపాదీ వసారాలో పడుకుంటారు. నీళ్ల సీసాల కేసులు కొంటారు. పాస్టర్ గారు ఒక్క మాట అనరు, అనలేరు. వచ్చే ఏడాది చర్చి రేకులకు డబ్బు మననుంచే రావాలి.

నాకు ఇలాంటప్పుడు మా ప్రకాశం జిల్లా వాళ్లందరూ గొప్పగా చెప్పుకునే అమెరికన్ మిషనరీ క్లౌ దొర గుర్తొస్తాడు. 1876-78 నాటి ధాత కరువులో ప్రభుత్వం బకింగ్‌హాం కాలువ తవ్విస్తోంది. జాన్ క్లౌ మిషనరీ కాకముందు మిన్నెసోటాలో సర్వేయరుగా పనిచేసినవాడు. కొలతలు, మట్టిపని తెలిసినవాడు. తను మూడున్నర మైళ్ల కాలువ కాంట్రాక్టు పట్టాడు, ఆకలితో ఉన్న వేలమందికి పనిచ్చి కూలి ముట్టజెప్పాడు. పార పట్టింది మనవాళ్లు, కూలి ఇంటికి తీసుకెళ్లింది మనవాళ్లు. ఇప్పుడు మనం తిరగేశాం. పార మన పిల్లల చేతికిచ్చి, ఆ పని చేసి బతికేవాణ్ణి పక్కన నిలబెట్టి ఫొటో తీస్తున్నాం.

1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని ప్రతి సభలో వింటాం. అంతకుముందు, కరువు పని జరుగుతున్న ఏడాది పైచిలుకు కాలం, క్లౌ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదన్న సంగతి మాత్రం ఏ సభలోనూ వినలేదు. కూలి కోసం, గింజల కోసం చేరారనే మాట రాకూడదని ఆపాడు. మన సంఘం పత్రిక చదివే హిందూ మిత్రులకు ఈ విషయంలో ఉండే అనుమానాలు నాకు తెలుసు. డాలర్లతో వెళ్లే జట్టుకు ఆపాటి జాగ్రత్త ఉంటే ఆ అనుమానాల్లో సగం పుట్టవు.

ఆ తర్వాతి తరంలో అజరయ్య. తిరునెల్వేలి తమిళుడు, మన దోర్నకల్‌కు వచ్చి తెలుగు నేర్చుకుని పనిచేశాడు, 1912లో ఆంగ్లికన్ సంఘానికి మొదటి భారతీయ బిషప్ అయ్యాడు. అంతకు రెండేళ్ల ముందు, 1910లో, స్కాట్లాండులోని ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో దొరలందరి ముందూ లేచి నిలబడ్డాడు. బైబిల్లో ప్రేమ గురించి ఉన్న మాటలనే తీసుకుని, బీదల పోషణకు మీ ఆస్తి ఇచ్చారు, కాల్చబడడానికి మీ శరీరాలు ఇచ్చారు, మేం ప్రేమ కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితుల్ని ఇవ్వండి అన్నాడు. ఆ రోజుల్లో ఆ మాట అనడానికి ఎంత గుండె ఉండాలో! నూరేళ్లు దాటాక ఆ పేటలో నిలబడి ఎవరైనా అదే మాట అంటే, ఈసారి దొరల వరసలో కూర్చుని వినేది మనం.

"మావాడిలో ఎంత మార్పొచ్చిందో అన్నయ్యా, అన్నం పారేయడం మానేశాడు" అని ఒక చెల్లెమ్మ నాతో అంది. వచ్చే ఉంటుంది, సంతోషం. ఆ మార్పు కోసం గోడ కట్టాల్సిన పని లేదు. వెళ్లనివ్వండి, చుట్టాల్లా వెళ్లనివ్వండి. బ్యానరు, ఒకే రంగు టీషర్టులు లేకుండా నలుగురైదుగురు వెళ్లి, అక్కడి పిల్లలతో తెలుగులో మాట్లాడలేక తంటాలు పడి, వాళ్ల దగ్గర నేర్చుకుని రానివ్వండి. తిండి ఖర్చు మనమే పెట్టుకోవాలి, నాట్లు అయ్యాకే వెళ్లాలి. క్రిస్మస్ సెలవులైతే ఇంకా మంచిది.

కాగితాల విషయమూ చూసుకోవాలి. భారత సంతతి విదేశీ పౌరులకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉంది కదా అనుకుంటారు. మిషనరీ పనికి ఓసీఐ వాళ్లు కూడా ప్రత్యేక అనుమతి తీసుకోవాలని 2021 మార్చిలో కేంద్ర హోంశాఖ నోటిఫికేషన్ ఇచ్చింది. డబ్బు సంగతీ అంతే. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు చర్చికి ఇచ్చే చందా విదేశీ విరాళం కిందే లెక్క. విదేశీ విరాళాల చట్టానికి (ఎఫ్‌సీఆర్‌ఏ) 2020లో చేసిన సవరణ తర్వాత అది ఆ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థకు, ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలోని ఖాతా ద్వారానే వెళ్లాలి. పాస్టర్ గారి సొంత ఖాతాలో వేసేస్తే మనకేం కాదు, ఆయన మెడకు చుట్టుకుంటుంది.

మా కమిటీలో ఈ విషయం మళ్లీ చర్చకు వస్తుంది, ఒప్పుకుంటారన్న ఆశ పెద్దగా లేదు. మీ దగ్గర టికెట్లు బుక్ చేసేముందు మాత్రం ఆ ఊరికి ఒక ఫోన్ చేయండి. టికెట్ల డబ్బు మాత్రమే వస్తే గోడ ఎంతవరకు లేస్తుందో, పిల్లలు కూడా వస్తే పేటలో ఎన్ని రోజుల కూలి పోతుందో అడగండి. పాస్టర్ గారు మొహమాటపడితే ఫోన్ మేస్త్రీకి ఇవ్వమనండి.