సమాధి రాయి, అల్లం పచ్చడి

ఈస్టర్ అంటే కుందేళ్లు, చాక్లెట్ గుడ్లు అని మా పిల్లలు మాల్‌లో నేర్చుకొచ్చారు. కుందేలుకీ ఏసుప్రభువుకీ చుట్టరికం ఏమిటని పెద్దమ్మాయి అడిగితే, మా ఆయన రాని ఫోన్‌ని చెవిన పెట్టుకుని బాల్కనీలోకి వెళ్లిపోయారు. ఆ రాత్రే తీర్మానం అయిపోయింది. ఈసారి ఇంట్లోనే పునరుత్థాన తోట వేయాలి!

వెడల్పాటి ట్రేలో మట్టి పోసి, చిన్న కుండని పడుకోబెట్టి పూడిస్తే అదే సమాధి. పక్కన గుట్ట చేసి పుల్లలతో మూడు సిలువలు గుచ్చితే ఏసుప్రభువుని సిలువ వేసిన గొల్గొతా. చుట్టూ పచ్చదనం కోసం నానబెట్టిన మెంతులు చల్లాం. విశాఖ ఉక్కలో మొలకలు రావడానికి ఎంతసేపు, ఈస్టర్‌కి వారం ముందొచ్చే మట్టల ఆదివారానికి తోట కళకళలాడింది. సమాధికి అడ్డం పెట్టే రాయి దగ్గరే పేచీ వచ్చింది. భీమిలి తీరంలో ఏరుకొచ్చిన రాళ్లేవీ చిన్నోడికి ఆనలేదు. రాయి ఎంతో పెద్దదని మార్కు సువార్తలో ఉందట. వెళ్లి వాళ్ల నానమ్మ సన్నికల్లు పొత్రం దొర్లించుకొచ్చాడు.

గుడ్ ఫ్రైడే నాడు గుడిలో ఏసుప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటలూ విని, మూడు దాటాక ఇంటికొచ్చాం. పిల్లలు బొమ్మని తెల్ల రుమాల్లో చుట్టి కుండలో పెట్టి, రాయి మూశారు. ఆదివారం తెల్లవారకముందే బొమ్మని తీసేయాలని నేనూ మా ఆయనా గుసగుసగా అనుకున్నాం.

మాకంత శ్రమ లేకుండా పోయింది. శనివారం పొద్దున్నే రాయి లేదు, బొమ్మ లేదు, తోట కూడా లేదు. చిన్నోడు ఒక్క కేక పెట్టి మెట్లెక్కాడు. "లేచాడు! లేచాడు!" అంటూ అపార్ట్‌మెంట్ తలుపులన్నీ బాదేశాడు. పై అంతస్తులో ఒకావిడ, "మా అబ్బాయేనా? ఇంత పొద్దున్నే?" అని కంగారుగా లోపలికి పరిగెత్తింది.

వంటింట్లో అత్తయ్యగారు పీట మీద కూర్చుని అల్లం నూరుతున్నారు. పొయ్యి మీద మెంతికూర పప్పు ఉడుకుతోంది. రుమాలు ఉతికి ఆరేశారు. బొమ్మ షెల్ఫ్‌లో ఉంది.

"రాయి నానే తీసీసినాను. మరి అల్లం ఏటితో నూరమంటావు?" అన్నారు.

నేను నోరు తెరిచేలోపే పెద్దమ్మాయి తేల్చేసింది. "రాయి పొర్లించింది దేవదూతే కదమ్మా! నానమ్మే దూత!"

అంతే, ఆ పూట దూతగారికి మూడు టీలు ఇవ్వాల్సొచ్చింది. పప్పు మాత్రం అమోఘం, ఆ మాట ఒప్పుకోవాలి.

మర్నాడు చీకటితోనే ఆర్కే బీచ్‌లో ఆరాధనకి వెళ్లాం. ఆరుకి ముందే సముద్రం మీద సూర్యుడు వచ్చేశాడు. అందరూ "క్రీస్తు లేచెను" అంటుంటే మావాడు పక్కవాళ్లకి ఓపిగ్గా చెబుతున్నాడు, "మా ఇంట్లో నిన్ననే."

ఇంటికొచ్చి పూరీలు వేశాం. లోపల ఖాళీగా ఉంటుంది కాబట్టి పూరీ కూడా సమాధేనని, కూర కుక్కితే పాపమని చిన్నోడు పట్టుబట్టాడు. బంగాళాదుంప కూర మాకే మిగిలింది.

ఈస్టర్ నుంచి 40వ రోజున ఆరోహణం అని, అంటే ఏసుప్రభువు ఒలీవల కొండ మీంచి పరలోకానికి వెళ్లిన రోజని, చిన్నోడు గుడిలో విన్నాడు. అప్పుడే బొమ్మకి గాలిపటం దారం కడుతున్నాడు. ఒలీవల కొండకి మట్టి ఎప్పుడు తెస్తారని అత్తయ్యగారు అడిగారు. ఈసారి తోటకూర చల్లుదామట.