శిక్షణ ముగిసిన మరునాడు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011 రాష్ట్ర విద్యాప్రణాళిక చట్రం వచ్చాక పాఠ్యపుస్తకాల స్వరూపమే మారిపోయింది. తెలుగు వాచకంలో పాఠం చివర 'అవగాహన-ప్రతిస్పందన', 'స్వీయరచన', 'ప్రశంస' అనే శీర్షికలు చేరాయి. జవాబు పాఠంలో వెతికితే దొరకని ప్రశ్నలు వచ్చాయి. వాటి వెంటే నిరంతర సమగ్ర మూల్యాంకనం వచ్చింది. పిల్లల భాగస్వామ్యం, రాతపనులు, ప్రాజెక్టు పనులు, లఘు పరీక్ష అని నాలుగు భాగాలుగా మార్కులు వేయమన్నారు. ఇది మంచి మార్పు. ఎప్పుడో రావలసింది. పిల్లలకు ఏం గుర్తుందన్న దానికన్నా ఏం ఆలోచిస్తున్నారన్నదే ముఖ్యమని మన బడి మొదటిసారి గట్టిగా చెప్పింది.

అయినా 'సొంత మాటల్లో రాయండి' అన్న ప్రశ్నలకు సైతం జవాబులు అచ్చువేసిన గైడ్లు దుకాణాల్లోకి వచ్చేశాయి. ప్రాజెక్టు పనులు ఒకరి పుస్తకంలోంచి మరొకరి పుస్తకంలోకి ఎక్కాయి. రిజిస్టర్లు మాత్రం నిండాయి. దీనికి ఉపాధ్యాయులను తప్పుపట్టేవారితో నేను ఏకీభవించను.

మీ ఊరి చెరువు ఎందుకు ఎండిపోయిందన్న ప్రశ్నే తీసుకోండి. ఒక విద్యార్థి వర్షాభావం, అడవుల నరికివేత అంటూ తప్పుల్లేని నాలుగు వాక్యాలు రాశాడు. మరో అమ్మాయి, చెరువులోకి నీళ్లు తెచ్చే కాలువను పూడ్చి ప్లాట్లు వేశారని తాతయ్య చెప్పాడని రాసింది. ఒత్తులు తప్పాయి, వాక్యం మధ్యలో తెగిపోయింది. ఎవరికి ఎన్ని మార్కులు? ఇరవై ఏళ్లుగా జవాబులో ఉండవలసిన అంశాలు లెక్కపెట్టి మార్కులు వేసిన ఉపాధ్యాయురాలికి ఇది తేలిక ప్రశ్న కాదు. ఆ అమ్మాయి జవాబులో సొంత పరిశీలన ఉందని గుర్తించాలి, భాషను ఎలా సరిదిద్దాలో తేల్చుకోవాలి, రెండింటికీ మార్కుల్లో చోటివ్వాలి. ఇదంతా నలభై పుస్తకాలు ముందున్నప్పుడు చేయాలి. ఇది చేయగా చేయగా అబ్బే నేర్పు.

కొత్త పద్ధతిపై ఉపాధ్యాయులకు ఇచ్చిన శిక్షణలో ఈ నేర్పు దొరకలేదు. మన శిక్షణలు అంచెలంచెలుగా దిగుతాయి: రాష్ట్రం నుంచి జిల్లాకు, జిల్లా నుంచి మండలానికి. మండలంలో శిక్షణ ఇచ్చే రిసోర్స్ పర్సన్ తానే కొద్ది రోజుల ముందు విని వచ్చి ఉంటారు, ఆ పద్ధతిలో ఇంకా పాఠం చెప్పి ఉండరు. మార్పు ఏమిటో వివరించగలరు గానీ, తన తరగతిలో అది ఎక్కడ తడబడిందో చెప్పలేరు. ఉపాధ్యాయులకు కావలసింది ఆ తడబాటు కథే.

మదనపల్లె దగ్గర రిషీవ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రం చుట్టుపక్కల పల్లెల్లో ఏకోపాధ్యాయ పాఠశాలలు నడిపింది. పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి నిచ్చెన మెట్లలా అమర్చింది. ఏ పిల్లవాడు ఏ మెట్టు మీద ఉంటే అక్కడి నుంచే ముందుకు సాగుతాడు. వేర్వేరు తరగతుల వాళ్లు ఒకే గదిలో కూర్చున్నా పని ఆగదు. బోధించింది దగ్గరి ఊళ్ల యువతే. కార్డులు తయారు చేసినవారూ వాటితో బోధించేవారూ ఒకరికొకరు అందుబాటులో ఉన్నారు. పని చేయని కార్డు గురించి చెబితే వినే మనిషి దగ్గరే ఉన్నారు. 2003లో చెన్నై కార్పొరేషన్ బడులు ఈ పద్ధతిని స్వీకరించాయి, తరువాత తమిళనాడు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలన్నిటికీ విస్తరించింది. మన పల్లెల్లో పుట్టిన పద్ధతి పొరుగు రాష్ట్రానికి దారి చూపిందని గర్వపడుతూనే, మన మండలాల్లో అలాంటి అందుబాటు ఎందుకు లేదని అడగాలి.

జాతీయ విద్యావిధానం 2020 ప్రతి ఉపాధ్యాయుడికీ ఏటా కనీసం 50 గంటల వృత్తిపరమైన అభివృద్ధి ఉండాలంది. దీక్షా అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వేదికపై కోర్సులు ఉన్నాయి, ఇంటి నుంచే పూర్తి చేయవచ్చు. అవసరమైనవే. కానీ చెరువు జవాబుకు ఎన్ని మార్కులో ఆ తెరను అడగలేం.

కొఠారి విద్యా కమిషన్ (1964–66) కాలం నుంచి మనకు స్కూల్ కాంప్లెక్స్, అంటే దగ్గరి బడులను ఒక సముదాయంగా కలిపే ఆలోచన ఉంది, ఆ బడుల ఉపాధ్యాయుల సమావేశాలూ జరుగుతున్నాయి. వాటిలో ఉత్తర్వులు చదవడం, నివేదికలు సేకరించడం తగ్గించి, ఉపాధ్యాయులంతా తమ పిల్లల పుస్తకాలు నాలుగేసి తెచ్చుకుని బల్ల మీద పెట్టాలి. అందరూ విడివిడిగా మార్కులు వేసి, తేడా ఎందుకొచ్చిందో వాదించుకోవాలి. తనిఖీ అధికారి ఆ గదిలో లేకపోతే మంచిది. తనకు రానిది ఏమిటో పై అధికారి ముందు ఎవరూ చెప్పుకోరు.

దీనికి సమయం కావాలి. యాప్‌లలో వివరాలు ఎక్కించే పని మీద పడుతున్నంత కాలం అది దొరకదు. ఏకోపాధ్యాయ పాఠశాల కష్టం మరీ ఎక్కువ: టీచరు సమావేశానికి వస్తే ఆ రోజు బడి మూతపడుతుంది. పక్క ఊరి నుంచి ఒకరిని సర్దుబాటు చేసే అధికారం, అందుకు అదనంగా మనుషులు మండల విద్యాధికారి చేతిలో ఉండాలి. ఆ ఏర్పాటు శిక్షణ తేదీలతో పాటే ఖరారు కావాలి.