కంచం వేరు పెడతారు, టీకా మరుస్తారు

కడుపుతో ఉన్న కోడలికి హెపటైటిస్ బి పాజిటివ్ అని తేలగానే చాలా ఇళ్లలో ముందుగా వేరయ్యేది ఆమె కంచం, గ్లాసు. ఆ వెంటనే ‘ఎక్కడ అంటించుకుందో’ అనే మాట. పుట్టబోయే బిడ్డకు 24 గంటల్లోపు పడాల్సిన టీకా సంగతి ఎవరికీ గుర్తుండదు.

కలిసి తింటే ఈ వైరస్ రాదు. ఇంటిల్లిపాదీ వాడే బ్లేడుతో, గోళ్ల కత్తెరతో, టూత్‌బ్రష్‌తో రావచ్చు. అన్నిటికీ మించి కాన్పులో వస్తుంది. పెద్దయ్యాక సోకితే నూటికి 95 మంది వదిలించుకుంటారు. పుట్టుకతో సోకిన పసికందుల్లో మాత్రం నూటికి 90 మంది కాలేయంలో అది తిష్ట వేసుకుంటుంది, ఏళ్ల తర్వాత సిర్రోసిస్‌గానో (కాలేయం గట్టిపడి పాడవడం) క్యాన్సర్‌గానో బయటపడవచ్చు. అన్నాళ్లూ కళ్లు పచ్చబడవు కాబట్టి పసరు మందు ఇచ్చేవాళ్ల కంటికీ ఆనదు.

నా కోపమంతా ఇక్కడే. 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ ఈ టీకాను ఇక్కడే తయారుచేసి సామాన్యుడికి అందే ధరకు తెచ్చింది. ఇప్పుడు ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. అయినా ఆదివారం రాత్రి కాన్పయితే ‘ఒక్క బిడ్డ కోసం పది డోసుల వయల్ (టీకా సీసా) తెరవాలా’ అని సిబ్బందికి జంకు! నిబంధనల ప్రకారం చల్లగా దాస్తే తెరిచిన వయల్‌ను 28 రోజుల దాకా వాడుకోవచ్చు.

తల్లికి నెగెటివ్ అయితే పుట్టగానే సూది ఎందుకంటారు కొందరు. 2025 డిసెంబరులో అమెరికా టీకాల సలహా సంఘం కూడా అటే మొగ్గింది. వినడానికి బాగానే ఉంటుంది. మన దగ్గర తొలి కాన్పు పుట్టింట్లో, పరీక్ష రిపోర్టు అత్తారింటి బీరువాలో! పైగా బిడ్డను ఎత్తుకునే నాన్నకో నాయనమ్మకో వైరస్ ఉందేమో చూసిందెవరు? అమెరికాలో పురుడు పోసుకునే మన అమ్మాయిలు అడిగి మరీ వేయించాలి.

పాజిటివ్ తల్లికి వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ మోతాదు) ఎక్కువుంటే చివరి నెలల్లో వైరస్‌ను అణిచే టెనోఫోవిర్ మాత్రలు, బిడ్డకు టీకాతోపాటు ఇమ్యునోగ్లోబులిన్ (వైరస్‌ను అడ్డుకునే సిద్ధ యాంటీబాడీల సూది) ఇస్తారు. టీకా పడ్డాక తల్లిపాలు మానక్కర్లేదు.

ఇక ఆ ‘ఎక్కడ అంటించుకుందో’కు నిజంగా జవాబు కావాలంటే భర్తకూ, ఆమె తల్లికీ, తోబుట్టువులకూ పరీక్ష చేయించాలి. ఆ కోడలికీ తను పుట్టిన రోజునే సోకి ఉండవచ్చు. భర్తను రమ్మంటే ‘నాకేం రోగం?’ అంటాడు. ఆ ఇంట్లో కంచం వేరైంది ఒక్కరికే.