ఓటు ఒక్కటే సరిపోదు
ఓటు హక్కు అందరికీ సమానంగా వచ్చింది కాబట్టి స్వేచ్ఛ కూడా అందరికీ వచ్చేసినట్టే అని స్వేచ్ఛ గురించిన మీ వ్యాసంలో రాశారు, దీనికి నేను ఒప్పుకోలేను. 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ హెచ్చరించింది దీని గురించే కదా, రాజకీయాల్లో సమానత్వం వస్తుంది కానీ సామాజిక, ఆర్థిక జీవితంలో అసమానత అలాగే ఉంటుంది, దాన్ని త్వరగా తొలగించుకోకపోతే ప్రజాస్వామ్యానికే ముప్పు అని. 1991లో గుంటూరు జిల్లా చుండూరు గ్రామంలో దళితులకు ఓటు లేదా? ఉంది. అయినా సినిమా హాల్లో అగ్రకులస్తుడికి దళిత యువకుడి కాలు తగిలిందన్న గొడవ దళితుల సాంఘిక బహిష్కరణ దాకా వెళ్లి, ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను అగ్రకులాల వాళ్లు చంపేశారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేస్తే 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులని వదిలేసింది. ఆ కుటుంబాలకు స్వేచ్ఛ అంటే ఏమిటని చెప్పాలి మనం? అదంతా పాత సంగతి, పల్లెటూళ్ల సంగతి అంటారేమో, హైదరాబాద్‌లో నేను అద్దె ఇల్లు వెతికినప్పుడు నా ఉద్యోగం కంటే ముందు 'మీరు ఏమిట్లండీ' అని కులం అడిగారు, చెప్పాక 'వేరేవాళ్లకు మాటిచ్చాం' అన్నారు, టులెట్ బోర్డు మాత్రం చాలా రోజులు అలాగే ఉంది. అద్దె కట్టగలిగిన మనిషి నచ్చిన వీధిలో ఉండలేకపోవడం గురించి ఇంత పెద్ద వ్యాసంలో ఒక్క వాక్యం కూడా లేకపోవడం నాకు నిజంగా బాధనిపించింది.