మా అమ్మ గొంతుక తీసేసి వీడియో పంపారు

మధ్యాహ్నం మూడింటికి వచ్చింది ఆ వీడియో. ఇప్పుడు రాత్రి పదకొండు దాటింది, ఇంకా కోపం దిగలేదు. తప్పులుంటే సర్దుకుని చదవండి.

రెండు నెలల కిందట అమ్మా నేనూ కలిసి ఆన్‌లైన్ షాపు తెరిచామని మీలో చాలామందికి తెలుసు. మినప అప్పడాలు, బూడిద గుమ్మడి వడియాలు, ఊరమిరపకాయలు, మాగాయ, ఆవకాయ. అంతే, పెద్ద లిస్టేమీ లేదు. అమ్మ ముప్పై ఏళ్లుగా ఒడిశాలోని బరంపురంలో ఇంటి దగ్గరే చేసి అమ్ముతోంది, నేను దానికి ఒక వెబ్‌సైటు కట్టించాను. షాపు తెరవడం సులువే, పది రోజుల పని. తెరిచాక అక్కడ ఒక షాపు ఉందని నలుగురికీ తెలియజెయ్యడం ఉంది చూశారూ, అక్కడ మొదలైంది టెన్షన్. అందుకే విశాఖపట్నంలో ఒక మార్కెటింగ్ ఏజెన్సీకి పని అప్పజెప్పాం. పేరు రాయను.

వాళ్లు అడిగితే నేనే ఫోన్‌లో అమ్మను వీడియో తీసి పంపాను. స్క్రిప్టు లేదు, మేకప్ లేదు. పీట మీద కూర్చుని అప్పడాలు ఒత్తుతూ తనకు తోచింది చెప్పింది. "పిండి బాగా దంచాలమ్మా, నూని చెయ్యితో. పిండి సాగితేనే అప్పడం పొంగతాది. ఊరికే కలిపీస్తే ఏటౌద్ది, రాయిలాగుంటాది." నాలుగు నిమిషాల వీడియో అది. ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. ఇంగువ ఎందుకు వేస్తారో, అప్పడం మొదట నీడలో ఎందుకు ఆరాలో, ఎండలో పెడితే అంచులు ఎలా ముడుచుకుపోతాయో, అన్నీ చెప్పింది. జీవితంలో మొదటిసారి ఎవరో తన పని గురించి అడిగారని ఎంత సంబరపడిందో నాకు తెలుసు.

వాళ్లు దాన్ని ముప్పై సెకన్ల రీల్ చేసి పంపారు. చేతులు అమ్మవే, పీట అమ్మదే, గొంతుక మాత్రం ఎవరిదో. ఎవరో అమ్మాయి టీవీలో వార్తలు చదివినట్టు "అమ్మమ్మ చేతి కమ్మదనం, అచ్చమైన గోదావరి ఇంటి రుచి" అంటోంది. గోదావరి! మాకూ గోదావరికీ ఏమిటి సంబంధం? బరంపురం అన్న మాట వీడియోలో ఒక్కసారి కూడా లేదు.

నేను చూస్తుంటే అమ్మ వెనక నుంచి వచ్చి నిలబడింది. కాసేపు విని, "ఈ మాటలాడతంది ఎవులే?" అంది. నేనేం చెప్పాలి? ఇంకేమీ అడగలేదు, లోపలికెళ్లి గిన్నెలు కడుక్కుంది. మీకు కోపం రాదా? నాకు వచ్చింది, వెంటనే ఫోన్ చేశాను.

ఏజెన్సీ కుర్రాడు మర్యాదగానే మాట్లాడాడు, అబద్ధం చెప్పను. "మేడమ్, ఆ యాసకి రీచ్ రాదు. ఒడిశా అని రాస్తే తెలుగు కస్టమర్ కొనడు, ఒడియా వాళ్ల వంట అనుకుంటాడు. ఆవకాయ అంటే గోదావరి, గుంటూరు. అలా చెప్తేనే అమ్ముడవుతుంది." పైగా, "మీ మంచికే చెప్తున్నా" అన్నాడు.

నా మంచికా? బాబూ, అప్పడాల ప్యాకెట్ మీద తయారు చేసిన వాళ్ల పేరు, చిరునామా అచ్చు వెయ్యడం చట్టం. బరువు, ధర, తయారైన తేదీ, ఆహార భద్రత చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్లిచ్చిన 14 అంకెల నంబర్, అన్నీ ఉండాలి. గోదావరి రుచి అని నమ్మి కొన్నావిడ డబ్బా విప్పి బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా అని చదివితే నన్ను ఏమనుకుంటుంది? అబద్ధాలకోరు అనుకుంటుంది. మళ్లీ కొంటుందా? ఇలాంటి వస్తువుకి రెండోసారి ఆర్డరే ప్రాణం. మొదటి ప్యాకెట్ మీద మాకు మిగిలేదేమీ లేదు, కొరియర్‌కీ, అప్పడం విరక్కుండా కింద పైన పెట్టే అట్టలకీ సరిపోతుంది. ఆవకాయకైతే రెండు కవర్లు, సీలు, ఆ పైన డబ్బా. నూనె కారిన పార్సిల్ ఒక్కటి వెళ్తే ఆ ఊళ్లో మన పేరు పోయినట్టే.

డబ్బు సంగతి కూడా చెప్తాను. ప్రకటనలకి వాళ్లడిగినంతా కట్టాం, దాని మీద 18 శాతం జీఎస్టీ, వాళ్ల ఫీజు వేరే. ఈ రీల్‌కి ముందు నడిపిన ప్రకటనలకి మొదటి నెల రిపోర్టు పంపారు. 41 వేల మంది చూశారట. వచ్చిన ఆర్డర్లు ఆరు. అందులో నాలుగు క్యాష్ ఆన్ డెలివరీ, ఆ నాలుగింటిలో రెండు తలుపు దగ్గర వద్దన్నారు, వెనక్కి వచ్చాయి. వెనక్కి వస్తే పోను ఖర్చు, రాను ఖర్చు రెండూ మావే. అప్పడాలు పొడి పొడి అయి వచ్చాయి. ఆ 41 వేల మందిని నేనేం చేసుకోను?

సరే, ఎవరికి చూపించారా అని సెట్టింగులు అడిగి చూశాను. రాష్ట్రాలు: ఆంధ్రప్రదేశ్, తెలంగాణ. ఒడిశా లేనే లేదు! అంటే మా బరంపురం బడాబజార్‌లో, బిజిపూర్‌లో, గిరి రోడ్డులో ఉన్న తెలుగువాళ్లకి ఒక్కరికీ మా ప్రకటన కనపడలేదు. పర్లాకిమిడి వాళ్లకి కనపడలేదు. రాయగడ, గుణుపూర్ వాళ్లకి కనపడలేదు. భాష తెలుగు అని టిక్కు పెట్టామన్నారు. మనలో ఎంతమంది ఫోన్ తెలుగులో పెట్టుకున్నాం? నాది ఇంగ్లీషులోనే ఉంది, మా తమ్ముడిదీ అంతే. మా వెనక వీధి పిన్ని మొన్న సూపర్‌మార్కెట్‌లో కంపెనీ అప్పడాలు కొనుక్కుని వస్తూ నాకు ఎదురైంది. "మీరు ఆన్‌లైన్‌లో పెట్టారా? నాకు తెలీదే!" అంది. రెండు వీధుల అవతల మనిషికి తెలీదు, హైదరాబాద్‌లో ఎవరో మూడు సెకన్లు చూసి పైకి తోసేశారు. దానికి నేను డబ్బు కట్టాను.

మన వాళ్ల సంగతి కూడా రాయాలి, రాయకపోతే నిద్ర పట్టదు. మన ఊరి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపు ఒకటుంది. షాపు తెరిచిన రోజు అందులో లింకు పెట్టాను, ఒక్కసారి. పది నిమిషాల్లో తీసేశారు, "ఇక్కడ వ్యాపార ప్రకటనలు వద్దు" అని. ఒప్పుకున్నాను, రూలు రూలే. మర్నాడు పొద్దున అదే గ్రూపులో పెద్ద కంపెనీ పండగ సేల్ లింకు, పెట్టింది అడ్మిన్ గారే. దాన్ని ఎవరూ తియ్యలేదు. పైగా కింద ఇరవై దండాలు. ఎవడో కోటీశ్వరుడి సేల్ సమాచారం అయింది, మన వీధి ఆడది చేసిన అప్పడం ప్రకటన అయిందా? పోనీ ఒకే మెసేజ్ అందరికీ విడివిడిగా వెళ్లే వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ సొంతంగా పెట్టుకుందామంటే ఒక లిస్టులో 256 మందే పడతారు, అదీ మన నంబర్ వాళ్ల ఫోన్‌లో సేవ్ అయి ఉంటేనే మెసేజ్ చేరుతుంది. నేను 200 మందికి పంపితే ఎంతమంది నా నంబర్ దాచుకున్నారో ఆ రోజు తెలిసింది. ఫ్రీగా రుచి చూడ్డానికి ఇంటికొచ్చినవాళ్లు కూడా దాచుకోలేదు.

ఒక ఫుడ్ పేజీ అమ్మాయి కూడా దొరికింది. డబ్బా పంపమంది, పైన డబ్బులు కావాలంది, అది ఆమె పని, తప్పు లేదు. కానీ "పెయిడ్ అని చెప్పను, నేనే కొనుక్కున్నట్టు చెప్తాను, అప్పుడే జనం నమ్ముతారు" అంది. డబ్బో వస్తువో తీసుకుని పొగిడితే అది ప్రకటన అని స్పష్టంగా చెప్పాలని 2023 జనవరిలోనే కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. ఏజెన్సీ వాళ్లైతే ఇంకో అడుగు వేసి, ఫైవ్ స్టార్ రివ్యూలు యాభై రాయించిపెడతాం అన్నారు. అమ్మేవాడే కొన్నవాడి వేషం వేసుకుని రివ్యూ రాయకూడదని 2020 ఈ-కామర్స్ నిబంధనల్లో ఉంది. నిబంధనలు పక్కన పెట్టండి. అమ్మ అప్పడం తినని మనిషి అమ్మ అప్పడం బాగుందని రాయడం ఏమిటి? తిని బాగులేదని రాస్తే నేను తీసుకుంటాను.

అసలు నన్ను పాతదంతా తవ్వేలా చేసింది ఆ "ఒడిశా అని రాస్తే కొనడు" అన్న మాట. ఈ మాట నాకు కొత్త కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ఈ గంజాం ప్రాంతాన్ని అటు కలిపారు. మా తాతలు ఊరు మారలేదు, ఇల్లు మారలేదు, పక్కింటి వాళ్లూ మారలేదు. గీత మారింది. ఆ గీత ఇప్పటికీ మా నెత్తి మీదే ఉంది. భువనేశ్వర్ ఇక్కడికి దాదాపు 170 కిలోమీటర్లు. అక్కడికి ఆవకాయ అమ్ముకోవాలంటే ఏడాదికి 40 లక్షల టర్నోవర్ దాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఇచ్ఛాపురం పాతిక కిలోమీటర్లు, మా మేనత్త ఊరు, అక్కడికి ఒక్క సీసా అమ్మినా రాష్ట్రం దాటినట్టే, రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే. అందుకే షాపు తెరవకముందే రిజిస్ట్రేషన్ చేయించాం. కాగితాలకి నేను భయపడలేదు.

మనుషులతోనే కష్టం. పదేళ్ల కిందట హైదరాబాద్‌లో పెళ్లికి వెళ్తే భోజనాల దగ్గర అమ్మ "ఏటమ్మా, కూర వెయ్యవా?" అంది. పక్క కుర్చీలో ఆవిడ నవ్వి, "మీరు తెలుగువాళ్లేనా?" అని అడిగింది. అమ్మ తెలుగు మీడియంలో చదివింది. ఆ రోజు ఇంకేమీ మాట్లాడకుండా తినేసి వచ్చేసింది. ఇన్నేళ్ల తర్వాత ఫోన్ ముందు కూర్చోబెట్టి నేనే మాట్లాడించాను, "భయం లేదమ్మా, నీలాగే మాట్లాడు" అని ధైర్యం చెప్పి మరీ. వాళ్లు ఆ గొంతుకే తీసేశారు.

ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం అని పోస్టులు పెడతారు కదా. ఆ రోజు ఎవరి పుట్టినరోజు? గిడుగు రామమూర్తి గారిది. జనం నోట ఉన్న మాటే రాతలోకి రావాలని పోరాడిన మనిషి. ఆయన పాఠాలు చెప్పింది ఎక్కడ? పర్లాకిమిడిలో. ఇప్పుడది ఒడిశా గజపతి జిల్లా. ఆయన పని చేసిన ఊరు పక్కన మాట్లాడే తెలుగు అప్పడాలు అమ్ముకోవడానికి పనికిరాదా? విశాఖపట్నం నుంచి శ్రీకాకుళం దాకా ఉన్న ఎన్నో ఇళ్లల్లో "ఏటి" అనే అంటారు. ఆ కుర్రాడి ఇంట్లో కూడా వాళ్ల అమ్మ అనే ఉంటుంది. ఆవిడ గొంతుక కూడా తీసేస్తాడా?

ఇంకో మాట. ఈ రెండు నెలల్లో రెండోసారి కొన్నవాళ్లు ఎవరో కూర్చుని లెక్క చూశాను. పదకొండు మంది. ఒక్కరూ ప్రకటన చూసి వచ్చినవాళ్లు కాదు. అయిదుగురు సూరత్‌లో ఉన్న గంజాం వాళ్లు, ఇక్కడి నుంచి మగ్గాల పనికి వెళ్లి అక్కడే ఉండిపోయినవాళ్లు. ముగ్గురు బరంపురం నుంచి వెళ్లి హైదరాబాద్‌లో స్థిరపడినవాళ్లు. మిగతావాళ్లు వీళ్ల ఇరుగుపొరుగు. అందరూ "బరంపురం అప్పడం" అని వెతికే వచ్చారు. రైలు బరంపురంలో ఆగితే అప్పడాలూ ఊరగాయలూ కొని తీసుకెళ్లే అలవాటు ఎప్పటి నుంచో ఉంది. ఊరి పేరే మాకు ప్రకటన అయితే, ఏజెన్సీ చెరిపేసింది ఆ ఊరి పేరునే.

ఇందాకే ఏజెన్సీకి రాసేశాను, ఇక వద్దని. మిగిలిన డబ్బు ఇస్తారో లేదో చూడాలి. ప్రకటన నేనే పెడతాను, రోజుకు రెండు వందలు, గంజాం, గజపతి, రాయగడ, శ్రీకాకుళం, సూరత్. అంతకు మించి చోట్లు ఇప్పుడు వద్దు. అమ్మ వీడియో నాలుగు నిమిషాలూ కత్తిరించకుండా రేపు ఉదయం ఏడింటికి ఇక్కడే పెడుతున్నాను, అమ్మ గొంతుకతో. నా నంబర్ మీ దగ్గర ఉంటే దయచేసి సేవ్ చేసుకోండి. పాత బస్టాండు చుట్టుపక్కల ఉన్నవాళ్లు కొరియర్ డబ్బులు కట్టొద్దు, మా తమ్ముడు సాయంత్రం బండి మీద తెచ్చి ఇస్తాడు. మినప అప్పడాలు ఇప్పుడు నలభై కట్టలున్నాయి. వానలు పట్టేలోపు ఇంకో విడత ఆరబెడతానంటోంది అమ్మ.