అంకణానికి రెండు ధరలు

తిరుపతిలో ఇల్లు కొందామని వెళ్లిన మనిషిని మధ్యవర్తి ముందుగా అడిగే మాట ఒకటుంది: ‘వైట్ ఎంత, బ్లాక్ ఎంత?’ టీ అంగడి దగ్గర నలుగురు వింటుండగానే అడుగుతాడు. జవాబు చెప్పేవాడూ గొంతు తగ్గించడు. ఇక్కడ నేల కొలిచే లెక్క అంకణం. ఆ అంకణానికి దస్తావేజులో ఒక ధర, చేతికిచ్చేది ఇంకో ధర. ఈ సంగతి అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలుసు, దస్తావేజు రాసే లేఖరికి తెలుసు, దాని మీద ముద్ర వేసే కార్యాలయానికీ తెలుసు. ఇన్నీ జరుగుతుంటే, నగరంలో ఇళ్ల ధరలు ఎందుకిలా మండిపోతున్నాయని పాలకులు ఆశ్చర్యం ప్రకటిస్తున్నారు. ధరల కంటే ఆ ఆశ్చర్యమే ఎక్కువ కోపం తెప్పిస్తోంది.

గిరాకీ ఉంది, కాదనడం లేదు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా కేంద్రమయ్యాక కార్యాలయాలు వచ్చాయి, వాటి వెంట ఉద్యోగులొచ్చారు. చోటు ఎంత కరువంటే కలెక్టరేటే తిరుచానూరులో టీటీడీ కట్టిన పద్మావతి నిలయంలో సర్దుకోవాల్సి వచ్చింది. యేర్పేడు వైపు ఐఐటీ, ఐసర్, రేణిగుంట చుట్టూ ఎలక్ట్రానిక్స్ కర్మాగారాలు, ఊరి నిండా ఆసుపత్రులు, కాలేజీలు. శేషజీవితం స్వామి పాదాల చెంత గడపాలని హైదరాబాదు నుంచి, అమెరికా నుంచి వచ్చేవాళ్లు సరేసరి. ఉత్తరాన శేషాచలం అడవి, అటు ఒక్క గజం కదలడానికి లేదు. ఊరి నడిమధ్య విశ్వవిద్యాలయాల భూములు, దేవస్థానం భూములు, మఠం భూములు. కాబట్టి నగరం పెరిగితే తిరుచానూరు, అవిలాల, కరకంబాడి, చంద్రగిరి వైపే పెరగాలి. ఆ దారిలో చెరువులుంటే చెరువుల మీద కూడా పెరిగింది. 2021 నవంబరు వరదల్లో నీళ్లు పాత దారి వెతుక్కుంటూ ఇళ్లలోకి వచ్చినప్పుడు ఆ సంగతి అందరికీ తెలిసొచ్చింది, తర్వాత అందరూ మరిచిపోయారు.

సిమెంటు, ఇనుము, ఇసుక, కూలి పెరగడం వల్లే ఇళ్ల ధరలు పెరిగాయని బిల్డర్లు అంటున్నారు. అందులో కొంత నిజముంది. కానీ సిమెంటు బస్తా పుత్తూరులోనూ దాదాపు అదే ధర, పీలేరులోనూ అదే ధర. అక్కడ కట్టిన ఇంటికీ ఇక్కడ కట్టిన ఇంటికీ ఉన్న తేడా గోడల్లో లేదు, గోడల కింద ఉంది. 36 చదరపు అడుగుల అంకణంలో ఒక మంచం, పక్కన ఒక మనిషి నిలబడే చోటు తప్ప ఇంకేమీ పట్టదు. దాని ధర వింటే నెల జీతగాడికి నోట మాట రావడం లేదు.

ఆ నేల ధరను ఎగదోస్తున్నది ఈ రెండు ధరల నాటకమే. లెక్క చూడండి. ఒక ఉపాధ్యాయుడు ఎం.ఆర్.పల్లి వైపు రూ.80 లక్షలకు ఫ్లాటు మాట్లాడుకున్నాడనుకుందాం. దస్తావేజు రూ.50 లక్షలకే రాస్తామంటారు. బ్యాంకు దస్తావేజు విలువనే చూస్తుంది. ఆ స్థాయిలో రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం అందులో 80 శాతం మించి అప్పు ఇవ్వదు, అంటే రూ.40 లక్షలు. మిగతా రూ.40 లక్షలు ఆయన సొంతంగా తేవాలి, అందులో రూ.30 లక్షలు నోట్ల కట్టలుగా. అదే ఫ్లాటు నిజమైన ధరకే రాస్తే బ్యాంకు అదే 80 శాతం లెక్కన రూ.64 లక్షల దాకా ఇవ్వగలదు, ఆయన రూ.16 లక్షలు చూసుకుంటే సరిపోతుంది. స్టాంపు సుంకం, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం. దస్తావేజులో రూ.30 లక్షలు తగ్గిస్తే మిగిలేది రూ.2.25 లక్షలు. ఈ రెండుంపావు లక్షల ఆశ చూపించి, ఇంకో 24 లక్షలు సొంతంగా తెమ్మంటున్నారు. పదేళ్ల తర్వాత ఆయన ఆ ఫ్లాటు అమ్మితే, కొన్న ధర రూ.50 లక్షలనే లెక్కగట్టి లాభం మీద పన్ను వేస్తారు. తాను కట్టిన సొమ్ము మీదే తాను పన్ను కట్టాలి.

ఇంత నగదు ఉపాధ్యాయుడి దగ్గర ఎక్కడుంటుంది? ఆయన వెనక్కి తగ్గుతాడు. నగదు దండిగా ఉన్నవాడు ముందుకొస్తాడు. అతనికి ఇల్లు అక్కర్లేదు, లెక్కలో చూపలేని డబ్బు దాచుకునే బీరువా కావాలి. అందుకే రేటు ఎంతన్నా బేరమాడడు. ఇళ్లు కావలసినవాళ్లు అద్దె ఇళ్లలో ఉండగా, ఊరి చుట్టూ వెంచర్లలో హద్దురాళ్ల మధ్య కంపచెట్లు పెరుగుతున్నాయి. ఖాళీ స్థలాల మీద పన్ను వేయమని చట్టంలో ఉంది. ఆ స్థలాల యజమానులెవరో వెతికి ముక్కుపిండి వసూలు చేసే ఓపిక మాత్రం ఎవరికీ కనిపించదు. అదే ఓపిక నీటి పన్ను బకాయిపడ్డ చిన్నింటి కొళాయి కోసేటప్పుడు ఎక్కడి నుంచి వస్తుందో!

అగ్రిమెంట్ల సంగతి ఇంకో వింత. అడ్వాన్సు ఇచ్చి, ఆరు నెలల గడువుతో కాగితం రాయించుకుని, గడువు తీరేలోగా అదే స్థలాన్ని ఇంకొకరికి, వారు మరొకరికి అమ్ముకుంటారు. మూడు నాలుగు చేతులు మారినా రిజిస్ట్రేషన్ జరిగేది చివరిసారి ఒక్కటే. మధ్యలో ప్రతి చెయ్యీ తన వాటా కలుపుకుంటుంది. ఆ మధ్య చేతులకు స్టాంపు సుంకం లేదు, ఆదాయపు పన్ను లేదు, పేరు కూడా లేదు. ఫలానా చోట రింగురోడ్డు వస్తుందట, ఫలానా కంపెనీ వస్తుందట అన్న ఒక్క ‘అట’ చాలు, పొద్దున ఉన్న ధర సాయంత్రానికి ఉండదు. ఆ పెంపంతా చివరికి ఇల్లు కట్టుకుని ఉందామని కొనేవాడి నెత్తిన పడుతుంది. ఆ వెంచర్లకు పెట్టేవన్నీ స్వామి పేర్లూ అమ్మవారి పేర్లే. లాభంలో కాస్త హుండీలో వేస్తే లెక్క సరిపోయిందనుకునేవారికి మన ఊళ్లో కొదవ లేదు.

చట్టం లేదా అంటే ఉంది. స్థిరాస్తి లావాదేవీలో రూ.20 వేలు, అంతకు మించి నగదు తీసుకోకూడదని ఆదాయపు పన్ను చట్టంలో 2015 జూన్ నుంచి ఉంది. తీసుకుంటే అంతకు అంత జరిమానా. నిర్ణీత మొత్తం దాటిన ప్రతి రిజిస్ట్రేషన్ వివరమూ ఆదాయపు పన్ను శాఖకు చేరుతుంది. బినామీ చట్టానికి 2016లో కోరలు పెట్టారు. అదే ఏడాది నోట్లు రద్దు చేసి నల్లధనం పని అయిపోయిందన్నారు. రిజిస్ట్రేషన్ సుంకం కోసం తానే నిర్ణయించే భూముల పుస్తక విలువలను రాష్ట్ర ప్రభుత్వం 2025 ఫిబ్రవరి 1న సవరించింది. అయినా టీ అంగడి దగ్గర ప్రశ్న మారలేదు. మారదు కూడా. పుస్తక విలువ మీద సుంకం రాబడితే చాలు, పైన ఎంత చేతులు మారితే మాకేమిటన్నది ప్రభుత్వ వైఖరి. నలభై లక్షల స్థలాన్ని ఇరవై లక్షలని రాసుకుంటుంటే చూస్తూ ఊరుకోవడానికి రిజిస్ట్రేషన్ శాఖ అని పేరెందుకు?

ఈ నటనకు మూల్యం కొనేవాడు ఒక్కడే చెల్లించడం లేదు. రోడ్డు కోసమో పరిశ్రమ కోసమో భూమి తీసుకున్నప్పుడు, 2013 భూసేకరణ చట్టం ప్రకారం పరిహారాన్ని పుస్తక విలువను బట్టో, చుట్టుపక్కల మూడేళ్లలో జరిగిన దస్తావేజుల సగటును బట్టో కడతారు. ఆ దస్తావేజుల్లో ఉన్నది అబద్ధమని లెక్క కట్టే అధికారికి తెలియదా? అమ్మకాల రోజున కళ్లు మూసుకున్న ప్రభుత్వం, రైతు పొలం తీసుకునే రోజున అదే అబద్ధపు కాగితాన్ని ముందు పెట్టి ‘ఇదే నీ భూమి విలువ’ అంటుంది. ఇంతకు మించిన ద్వంద్వనీతి ఉంటుందా?

అనధికార లేఅవుట్ల విషయంలోనూ ఇదే వరస. ఒక చేత్తో ‘అనుమతి లేని లేఅవుట్లలో ప్లాట్లు కొనవద్దు’ అని బోర్డు పాతుతారు. ఇంకో చేత్తో 2007 చివర్లో ఒకసారి, 2020లో ఒకసారి, 2025లో మళ్లీ ఒకసారి రుసుము కట్టించుకుని క్రమబద్ధీకరిస్తారు. రోడ్డుకు, పార్కుకు చోటు వదిలి తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ (తుడా) అనుమతి తెచ్చుకున్నవాడు తెలివితక్కువవాడు, వదలకుండా అమ్ముకున్నవాడు తెలివైనవాడు అని ప్రభుత్వమే ముద్ర వేసి చెబుతున్నట్టు కాదా?

పెరిగే నగరంలో ధరలు పెరగకుండా ఎవరూ ఆపలేరు, ఆపమని ఎవరూ అడగడం లేదు. పుస్తక విలువ ఏ వీధిలో నిజానికి ఎంత దూరంలో ఉందో ఏటా చూసి దిద్దండి, దిద్దిన చోట సుంకం శాతం తగ్గించండి. అగ్రిమెంటు చేతులు మారిన ప్రతిసారీ నమోదు జరిగేలా చూడండి. ఖాళీ ప్లాట్ల పన్ను రాబట్టండి. ఇందులో ఒక్కదానికైనా ఢిల్లీ అనుమతి అక్కర్లేదు. అయినా చేయరు, ఎందుకంటే దస్తావేజు విలువ నిజమైన రోజున ఎవరెవరి బీరువాలు తెరుచుకుంటాయో పాలకులకు మాకంటే బాగా తెలుసు. తిరుపతిలో అంకణం ధర ఎక్కడికి వెళ్లిందో చూడండంటూ సభల్లో గొప్పలు పోయే నాయకులు ఇకమీదట ఆ ధరతో పాటు ఇంకో అంకె కూడా చదవాలి: అదే వీధిలో తాము కొన్న స్థలానికి దస్తావేజులో ఎంత రాయించారో.