సవరణ: వేడి చేసేది శుద్ధికి, స్ఫటికానికి కాదు

టాక్ పాలిమరేజ్ (వేడినీటి బుగ్గల్లో బతికే బ్యాక్టీరియా నుంచి వచ్చిన, వేడికి తట్టుకుని డీఎన్ఏను నకలు చేసే ఎంజైము) నిర్మాణం గురించి మొన్న రాసినప్పుడు, ఎక్స్-రేలతో ఆ నిర్మాణం చూడటానికి ఎంజైమును 75 డిగ్రీల దగ్గర స్ఫటికంగా పెంచుతారని రాశాను. తప్పు. వేడి చేసేది అంతకు ముందు, శుద్ధి చేసేటప్పుడు. ఈ. కోలై అనే బ్యాక్టీరియాలో తయారుచేయించిన ఎంజైము ఉన్న ద్రవాన్ని కాస్తే, ఈ. కోలై సొంత ప్రోటీన్లు చాలావరకు విరిగిన పాలలా తెల్లగా ముద్దకడతాయి. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే అవి అడుక్కి పోతాయి, పైన తేటలో మన ఎంజైము మిగులుతుంది.

స్ఫటికాలు మాత్రం మామూలుగా గది ఉష్ణోగ్రతలోనో, ఇంకా చల్లగానో పెరుగుతాయి. ఇప్పుడు ఎక్స్-రే తీసేటప్పుడైతే ఎక్కువగా మైనస్ 173 డిగ్రీల నైట్రోజన్ ధారలో ఉంచుతారు, రేడియేషన్ దెబ్బ తగ్గాలని. వేడినీటి బుగ్గలో పుట్టినదానికి ఎంత చలి!

ఇంకోటి. 1995లో వచ్చిన 2.4 ఆంగ్‌స్ట్రామ్‌ల నిర్మాణం "1.8 కన్నా మెరుగు" అన్నాను (ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్ల వంతు). రిజల్యూషన్‌లో (ఎంత చిన్న వివరం విడిగా కనిపిస్తుందో చెప్పే కొలత) అంకె తగ్గేకొద్దీ స్పష్టత పెరుగుతుంది, కాబట్టి 1.8దే మెరుగు. ఆ వాక్యం తీసేశాను.